బండి కొనే ముందు సీ బుక్ చూడు అల్లుడూ

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

ఒరే అల్లుడూ,

పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నియ్యా, ఈడు అంబులెన్సు కొంటాడంట, నువ్వైనా ఏటో ఒకటి చెప్పు" అంది. కొనమని చెప్పమందో, మానిపించమందో నాకు తెలీలేదు. దానికీ తెలిసుండదు. అందుకే ఫోన్లో గొడవ పడకుండా ఇలా రాస్తున్నాను. నిదానంగా చదువుకో. చదివాక నీ ఇష్టం.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలన్నీ చూశాను. బండి ముందు, బండి వెనక, సైరన్, స్ట్రెచర్, కొత్తగా వేసిన సీటు కవర్లు. సీ బుక్, అదే బండి రిజిస్ట్రేషన్ కాగితం, దాని ఫొటో ఒక్కటీ లేదు. పెయింటు మాత్రం భలే తెల్లగా ఉంది. పదేళ్లు దాటిన బండి అంత తెల్లగా కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. అమ్మేవాడు రంగుకు అంత ఖర్చు పెట్టాడంటే ఎక్కడో ఏదో కట్టకుండా వదిలేసే ఉంటాడు.

నీ మెసేజీలో ఒక మాట రాశావు చూడు, "కాగితాలదేముంది మావయ్యా, ఐదారు వేలైతే అయిపోద్దన్నాడు" అని. అక్కడే ఆగిపోయాను నేను. అతను చెప్పింది అబద్ధం కాదు. ఆఫీసులో కట్టే ఫీజు వరకే చూస్తే నిజంగానే అంతలో సరిపోవచ్చు. ఇరవై నాలుగేళ్లు ఈ బండ్లు తిప్పాను. ఫీజు కట్టి చితికిపోయినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు. ఫీజు గడువు దాటబెట్టి చితికినవాళ్లను మన జిల్లాలోనే నలుగురిని చూశాను. అందులో ఒకణ్ని నేనే.

ముందు నా సంగతి చెప్తాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది గుర్తుందా? మీ ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి, మీరు మా ఇంటికొచ్చి వారం రోజులున్నారు. ఆ రాత్రి నా రెండో బండి సోంపేట అవతల ఒక కొబ్బరితోట పక్కన ఆగి ఉంది. చెట్టు విరిగి సరిగ్గా టాప్ మీద పడింది. లోపల మనిషి లేడు, అదే పదివేలు. బండిని లాగించుకొచ్చి షెడ్డులో పెట్టాను. ఇన్సూరెన్సు సర్వేయరు రావడం, ఫొటోలు తీయడం, టాపు దొరకకపోవడం, మేస్త్రి పండక్కి ఊరెళ్లిపోవడం, ఇవన్నీ అయ్యేసరికి ఆరు నెలలు గడిచాయి. ఈలోగా బండి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. కదలని బండికి ఎఫ్‌సీ ఎందుకులే అనుకున్నాను. షెడ్డులో ఉన్న బండి ఎవర్ని గుద్దుతుంది?

నిబంధన అలా చూడదురా. 2016 డిసెంబరులో కేంద్రం మార్చిన ఫీజుల పట్టికలో ఒక వాక్యం చేరింది. ఫిట్‌నెస్ గడువు దాటిన ప్రతి రోజుకూ యాభై రూపాయలు అదనం. బండి తిరిగిందా, షెడ్డులో పడుకుందా అని అందులో లేదు. నేను కట్టేసరికి నూట ఎనభై రోజులు. వెయ్యి లోపు పని, పైన తొమ్మిది వేలు కట్టాను. తొమ్మిది వేలు పోతే పోయాయి. ఆ డబ్బు చేతిలో లేక ఇంకో పన్నెండు రోజులు ఆగాను చూడు, ఆ పన్నెండు రోజులూ డ్రైవరుకు జీతం ఇచ్చాను, ఫైనాన్సు వాడికి కిస్తీ కట్టాను, బండి మీద రూపాయి రాలేదు. యాభై రూపాయల మీటరు తిరుగుతుంటే పక్కన రోజుకు వెయ్యి రూపాయల మీటరు ఇంకోటి తిరుగుతోందని అప్పుడు తెలిసింది నాకు.

కాబట్టి నువ్వు చూస్తున్న బండి ఎఫ్‌సీ ఎప్పుడు అయిపోయిందో ముందు కనుక్కో. మూడు నెలల కిందట అయిపోయింది అంటే నీ లెక్కలో నాలుగున్నర వేలు అప్పుడే చేరాయి. అది బేరంలో తగ్గించుకోవాల్సిన డబ్బు. "ఎఫ్‌సీ నేనే చేయించి ఇస్తాను" అని అమ్మేవాడంటే చేయించనీ, ఆ తర్వాతే అడ్వాన్సు ఇయ్యి. అడ్వాన్సు తీసుకున్నాక ఏ మనిషికీ ఎఫ్‌సీ పరీక్షకు వెళ్లే తీరిక ఉండదు.

ఇంకోటి, వయసు. కొత్త బండికి రెండేళ్ల దాకా ఎఫ్‌సీ గొడవ లేదు. అక్కణ్నుంచి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి. ఎనిమిది దాటాక ఏడాదికోసారి. నీది 2015 మోడల్ అన్నావు. అంటే ఏటా వెళ్లాల్సిందే. అక్కడితో అయిపోలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఎఫ్‌సీ రేట్లు ఒక్కసారిగా పెంచారు. బస్సుకీ లారీకీ 1,500 ఉన్నది 12,500 అయ్యింది. ట్యాక్సీ లాంటి చిన్న బండికి వెయ్యి ఉన్నది ఏడు వేల దరికి పోయింది. ఆ తర్వాతా ఈ అంకెలు కదులుతూనే ఉన్నాయి. కట్టే రోజున రవాణా శాఖ పరివాహన్ సైట్లో ఏ అంకె చూపిస్తే అదే అంకె, నా మాటా కాదు, ఏజెంటు మాటా కాదు. నేను చెప్పేదేంటంటే, ఐదేళ్ల లోను పెడతానన్నావు. ఆ లోను తీరకముందే నీ బండికి పదిహేనేళ్లు వచ్చేస్తాయి. కిస్తీ ఇంకా నడుస్తుండగానే ఫీజు పెరిగే గీత దాటుతావు. టైర్లు, సస్పెన్షన్ కూడా సరిగ్గా అప్పుడే అడుగుతాయి. ఏడు లక్షల్లోపు వస్తోందని చంకలు గుద్దుకునే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకో.

ఇప్పుడు సీ బుక్ సంగతి. అందులో వాహన తరగతి దగ్గర ఏం రాసుందో చూడు. "అంబులెన్స్" అని రాసుండాలి. బండి మీద ఎర్ర రంగుతో రాసినా, అద్దంలో చదవడానికి వీలుగా తిరగేసి రాసినా అది లెక్క కాదు. నేను చూసిన వాటిలో మ్యాక్సీ క్యాబ్ అని రిజిస్టరైనవి ఉన్నాయి, పాత ఓమ్నీలు సొంత కారు కింద ఉన్నవీ ఉన్నాయి. లోపల ఒక బల్ల వేసి, సిలిండర్ కట్టి తిప్పేస్తారు. దీనికీ ఫీజుకీ ఏం సంబంధం అంటావా? ఇదే అసలు సంబంధం. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం అంబులెన్సు పనికి మాత్రమే వాడే బండికి పర్మిట్ అక్కర్లేదు. జాతీయ రహదారి మీద టోలు అక్కర్లేదు. ఈ రెండు మినహాయింపులూ కాగితం మీద అంబులెన్సుకే గానీ పెయింటు మీద అంబులెన్సుకు కాదు. టెక్కలి నుంచి విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రికి 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మడపాం టోలు గేటు దాటాలి, నాతవలస గేటు దాటాలి. పేషెంటుకు ఆయాసం వస్తుంటే టోలు గేటు దగ్గర సీ బుక్ తీసి వాదులాడుకునే పరిస్థితి తెచ్చుకోకు. పర్మిట్ లేకుండా ట్రాన్స్‌పోర్టు బండి తిప్పితే చట్టంలో జరిమానా పదివేలు. అది ఒక్కసారి పడిందంటే విశాఖ ట్రిప్పులు రెండు మూడు ఊరికే కొట్టినట్టే.

అది అంబులెన్సు కాకపోతే మార్పించుకుందాం అంటావేమో. 52వ సెక్షన్ ఉంది, బండి రూపం మార్చాలంటే రిజిస్టర్ చేసే ఆఫీసు అనుమతి కావాలి. దానికి తోడు ఇప్పుడు అంబులెన్సు బాడీకి ఏఐఎస్ 125 అని ఒక ప్రమాణం ఉంది. ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. పేషెంటును ఊరికే చేరవేసేది బీ. ప్రాథమికంగా ప్రాణం నిలబెట్టే సామగ్రి ఉన్నది సీ. వెంటిలేటరు, డీఫిబ్రిలేటరు ఉన్నది డీ. దేనికేం ఉండాలో, స్ట్రెచరు ఎలా బిగించాలో అంతా అందులో ఉంది. మన వీధి వెల్డింగు షాపులో చేయించే పని కాదది. ఓమ్నీ కొని మార్పిద్దాం అనే ఆలోచన నీ మనసులో ఎక్కడైనా ఉంటే ఇక్కడే వదిలెయ్యి.

నువ్వు వేసుకునేదల్లా బీ రకం లెక్కే వేసుకో. మన వైపు నీకు దొరికే పని అదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పుడు నేను నవ్వాను, ఊరికే ఎవడు తిప్పుతాడులే అని. అది మన జిల్లాకొచ్చాక యాక్సిడెంటు కేసు ప్రైవేటు బండికి రావడం ఆగిపోయింది. 2020 జులై 1న 108, 104 కలిపి 1,088 బండ్లు ఒకేరోజు రోడ్డెక్కాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో పోయినవాళ్లను ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం బండ్లు ఉన్నాయి. జనానికి మంచిదే, నాకూ సంతోషమే, నా బేరం పోయినా సరే. మరి మనకు మిగిలిందేంటి? ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చడం, డిశ్చార్జి అయినవాళ్లను ఇంటికి దింపడం, ఉద్దానం వైపు డయాలసిస్ వాళ్లు, బరంపురం వెళ్లేవాళ్లు. డయాలసిస్ పేషెంటుకు వారానికి రెండు మూడు సార్లు బండి కావాలి గానీ అన్నిసార్లు అంబులెన్సు పెట్టుకునే తాహతు వాళ్లకుండదు, ఆటోలోనే పోతారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక దూరాలు ఇంకా తగ్గాయి. కవిటి నుంచి విశాఖ తీసుకెళ్లిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ కిలోమీటర్లు ఇప్పుడు రావు.

అంటే ట్రిప్పులు తక్కువ. ఫీజు దెబ్బ సరిగ్గా ఇక్కడే తగులుతుంది.

లెక్క కోసం ఏడాదికి ఇలా అనుకుందాం. ఇన్సూరెన్సు 42,000. ఎఫ్‌సీ ఫీజూ, దాని కోసం చేయించే బ్రేకులు, టైరు, పెయింటు, రిఫ్లెక్టరు స్టిక్కర్లూ అన్నీ కలిపి 22,000. పొల్యూషను కాగితం, సిలిండరు పరీక్ష, గడువు తీరి పారేసే మందులూ సూదులూ 9,000. మొత్తం 73,000. రోజుకు 200 రూపాయలు. టీ తాగి సిగరెట్టు కాల్చే డబ్బుల్లా కనిపిస్తుంది. (నువ్వు మానేశానన్నావు. మీ అమ్మ వేరేలా చెప్పింది.)

విశాఖలో ఒక బండి నెలకు అరవై ట్రిప్పులు కొడుతుందనుకో. ట్రిప్పుకు ఈ కాగితాల ఖర్చు నూరు రూపాయలు పడుతుంది. టెక్కలిలో నువ్వు నెలకు ఇరవై కొడితే ట్రిప్పుకు మూడొందలు దాటుతుంది. మందసలోనో కొత్తూరులోనో పెట్టుకుని పది కొడితే ఆరొందలు. అదే ఫీజు, అదే ఇన్సూరెన్సు, అదే పరీక్ష. కట్టించుకునేవాడికి ఊరు తేడా లేదు. కట్టేవాడి వెనకాల ఉన్న పేషెంటుకు మాత్రం ఉంది. డబ్బు తక్కువ ఉన్న ఊళ్లోనే ట్రిప్పు ఖర్చు ఎక్కువ పడుతుంది. కొండ మీద నుంచి డోలీలో దిగి వచ్చిన మనిషికి కింద రోడ్డు మీద దొరికే బండి అన్నిటికన్నా ఖరీదైన బండి అవుతుంది. ఎఫ్‌సీ వద్దనడం లేదు నేను, ఫెయిలైన బ్రేకుతో పేషెంటును ఎక్కించినవాణ్ని నేనే రోడ్డు మీద ఆపి తిట్టాను. ఏజెన్సీలో తిరిగే బండికీ నగరంలో తిరిగే బండికీ ఒకే ఫీజు పెట్టడం సబబు కాదని మాత్రం ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. నా మాట ఎవరు వింటారు గానీ, నువ్వు బండి పెట్టే చోటు తేల్చుకునేటప్పుడు ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకో.

ఎవరో నీకు జీఎస్టీ నంబరు తీసుకుంటే బండి మీద కట్టిన పన్ను వెనక్కొస్తుందని చెప్పారట. రాదు. పేషెంటును అంబులెన్సులో తీసుకెళ్లే సేవ మీద జీఎస్టీ లేదు. నువ్వు వసూలు చెయ్యవు కాబట్టి, బండి మీద, ఇన్సూరెన్సు మీద, టైర్ల మీద నువ్వు కట్టింది నీ నెత్తినే ఉండిపోతుంది. మినహాయింపు అంటే పేషెంటుకు మినహాయింపు, నీకు కాదు. ఒక మంచి కబురు మాత్రం ఉంది. కొత్త అంబులెన్సు మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. అందుకే పాత బండి ధర పక్కన కొత్త బీ రకం బండి ధర కూడా షోరూములో రాయించుకుని రా అంటున్నాను. పన్ను తగ్గాక, రెండేళ్లు ఎఫ్‌సీ లేకుండా, ఎనిమిదేళ్ల దాకా ఏడాది విడిచి ఏడాది వెళ్తే సరిపోయే బండికీ, ఏటా క్యూలో నిలబడే బండికీ తేడా నువ్వనుకున్నంత ఉండకపోవచ్చు.

ఇన్సూరెన్సు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ఒకప్పుడు నా పాలసీ రెన్యువల్ డబ్బులు ఒక ఏజెంటు చేతికిచ్చాను. మనవాడే, పెళ్లిళ్లకు పిలిచేవాడు. రంగు కాగితం తెచ్చిచ్చాడు, ముద్ర ఉంది, నంబరుంది. నాలుగు నెలల తర్వాత లోనుకు వెళ్తే బ్యాంకు వాళ్లు చూసి ఆ నంబరుతో పాలసీయే లేదన్నారు. ఆ నాలుగు నెలలూ నేను ఇన్సూరెన్సు లేకుండా మనుషుల్ని మోశాను. ఏమీ జరగలేదు కాబట్టి ఈ రోజు మీ అత్త ఈ ఇంట్లో ఉంది. జరిగుంటే ఇల్లు పోయేది. నష్టపరిహారం కేసుల్లో కాగితాల తప్పు బయటపడితే కోర్టు, ముందు ఇన్సూరెన్సు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ఆర్డరేయడం నేను కళ్లారా చూశాను. పాలసీయే లేకపోతే ఆ ముందు కట్టేవాడు కూడా ఉండడు. అప్పుడు పోయేది ఐదారు వేలు కాదు, లక్షల్లో ఉంటుంది. ఇన్సూరెన్సు లేకుండా నడిపితే జరిమానా మొదటిసారి రెండు వేలే. ఆ రెండు వేలు చూసి జనం ధైర్యం చేస్తారు.

డబ్బు నీ ఫోన్లోంచే కట్టు. కట్టాక ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు తేదీ మారిందో లేదో చూసుకో. పాత బండి కొంటే అమ్మినవాడి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు, నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. అమ్మేవాడు "నా పాలసీలో యాభై శాతం తగ్గింపు ఉంది" అని మురిపిస్తే నవ్వి ఊరుకో. బండి చేతికొచ్చిన పద్నాలుగు రోజుల్లో పాలసీ నీ పేరుకు మార్పించమని కంపెనీకి రాయి, ముప్పై రోజుల్లో సీ బుక్ మార్పుకు పెట్టు. చాలామంది పేరు మార్పించే ఫీజు మిగుల్చుకుందామని పాత ఓనరు పేరు మీదే ఏళ్ల తరబడి తిప్పుతారు. పాపం ఆ పాత ఓనరుకి ఈ-చలానాలు పోతాయి, నోటీసులు పోతాయి. ఒకసారి విజయనగరంలో అలా అమ్మేసిన నా బండి గురించి నాకే పోలీసు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. అప్పటికి ఆ బండి ముగ్గురు చేతులు మారింది.

డ్రైవరు గురించి ఒక్క మాటే. కమర్షియల్ బండి నడిపే బ్యాడ్జి లేదని ఎవరైనా భయపెడితే, 7,500 కిలోలు దాటని బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లైసెన్సు గడువు మాత్రం నువ్వే రాసిపెట్టుకో, వాడు రాసుకోడు.

కోవిడ్ అప్పుడు ఏమైందో చెప్పాలి నీకు. అప్పుడు నువ్వు చెన్నైలో ఉన్నావు. 2020 ఫిబ్రవరి 1 నుంచి గడువు తీరిన కాగితాలన్నీ చెల్లుతాయని కేంద్రం చెప్పింది. పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ 2021 అక్టోబరు 31 దాకా తెచ్చింది. ఇన్సూరెన్సుకు ఇచ్చిన వెసులుబాటు మాత్రం కొన్ని వారాలే. రెండో వేవులో డబ్బు బాగానే వచ్చింది, దాచేదేముంది. ఎఫ్‌సీకి పక్కన పెట్టాల్సినదంతా ఇంటి మీద స్లాబు వేయడానికి వాడేశాను. నవంబరు వచ్చింది. రెండు బండ్ల ఎఫ్‌సీ, పొల్యూషను, టైర్లు, ఒక బండి గేరుబాక్సు, అన్నీ ఒకే నెల మీద పడ్డాయి. అప్పటికి కేసులు తగ్గిపోయి బండ్లు ఖాళీగా ఉన్నాయి. మీ అత్త గొలుసు బ్యాంకులో పెట్టాను. గడువు పొడిగించారంటే ఫీజు తీసేశారని కాదు, నీ దగ్గరే దాచమన్నారని అర్థం. నేను దాచలేదు.

అందుకే నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. బండి పేరు మీద వేరే బ్యాంకు ఖాతా ఒకటి తెరువు. ట్రిప్పు ఉన్నా లేకపోయినా రోజుకు రెండొందలు అందులో పడాలి. ట్రిప్పు లేని రోజు కూడా. ఆ కార్డు నీ జేబులో పెట్టుకోకు, మీ అమ్మకిచ్చెయ్యి. ఎఫ్‌సీ గడువుకు నెల ముందే తీసి పని మొదలుపెట్టు. చివరి వారంలో స్లాటు దొరకదు, మేస్త్రి దొరకడు, దొరికినవాడు నీ తొందర చూసి రేటు పెంచుతాడు. ఇన్సూరెన్సూ ఎఫ్‌సీ ఒకే నెలలో పడితే ఎఫ్‌సీ గడువు కన్నా ముందుగానే చేయించేసుకో. రెండూ ఒకేసారి పడిన నెలలోనే మనిషి తప్పు పనులు చేస్తాడు.

తప్పు పని అన్నాను కదా, అదీ చెప్తాను. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్ల కిందటి మాట. ఆ వారంలో ఎఫ్‌సీ ఉంది, చేతిలో డబ్బు లేదు. పలాసలో ఒక ఆసుపత్రి దగ్గర రాత్రి పదింటికి ఒకాయన వచ్చాడు. కొడుకుని విశాఖ తీసుకెళ్లమన్నారు, ఎంతవుద్ది బాబూ అన్నాడు. మామూలు రేటు మీద పదిహేను వందలు ఎక్కువ చెప్పాను. ఎఫ్‌సీ డబ్బు ఆ ఒక్క ట్రిప్పులో లాగేద్దామని. ఆయన బేరమాడలేదు. పంచె కొంగు విప్పి నోట్లు లెక్కపెట్టాడు. జీడిపిక్కలు కొట్టే చేతులు, నూనెకు వేళ్ల చివర్లు నల్లగా కాలిపోయి ఉన్నాయి. ఆ నల్లటి వేళ్లతో పది, ఇరవై నోట్లు ఒక్కొక్కటే లెక్కేశాడు. రెండుసార్లు లెక్కేశాడు, తక్కువ ఇచ్చి నన్ను మోసం చేస్తాడేమోనని ఆయనకే భయం. నేను తీసుకున్నాను. పిల్లాడు బతికాడు. ఎఫ్‌సీ అయింది. తర్వాత రెండుసార్లు పలాస వెళ్లినప్పుడు ఆ డబ్బు వెనక్కిద్దామని వెతికాను గానీ దొరకలేదు. గట్టిగా వెతకలేదేమో కూడా.

ఆ పదిహేను వందలు ఆయన కట్టాల్సింది కాదు. ఆ ఏడాది నా బండెక్కిన రెండొందల మంది తలా ఏడెనిమిది రూపాయలు కట్టాల్సింది. 2022లో తిరుపతిలో కొడుకు శవాన్ని తండ్రి బైకు మీద తొంభై కిలోమీటర్లు తీసుకెళ్లాడని టీవీలో చూపించినప్పుడు అందరూ అంబులెన్సు మాఫియా అన్నారు. నేను నోరెత్తలేదు. అందరం అలాంటివాళ్లం కాదని అనాలనిపించింది గానీ ఆ నల్లటి వేళ్లు గుర్తొచ్చాయి. రేటు కార్డు ఒకటి అచ్చేయించి బండి లోపల అతికించు. కిలోమీటరుకు ఇంత, ఆగితే గంటకు ఇంత, ఆక్సిజన్‌కు ఇంత. కాగితాల ఖర్చు ఆ కిలోమీటరు రేటులోనే కలిపెయ్యి. ఎదురుగా నిలబడ్డ మనిషి అవసరం చూసి రేటు మార్చే వీలు నీకే లేకుండా చేసుకో.

ఇక ఆసుపత్రితో ఒప్పందం మాట. టెక్కలిలో ఒక నర్సింగ్ హోము వాళ్లు నెలవారీగా పెట్టుకుంటామన్నారని రాశావు. మంచిదే, ట్రిప్పులు నిలకడగా ఉంటాయి. అయితే ఎఫ్‌సీ ఎవరిది, ఇన్సూరెన్సు ఎవరిది, బండి ఎఫ్‌సీకి వెళ్లిన రోజు అద్దె కోస్తారా కొయ్యరా, ఈ మూడూ స్టాంపు కాగితం మీద రాయించుకో. నోటిమాటగా "చూసుకుందాంలే" అన్న ప్రతిసారీ చూసుకున్నది నేనే. ఇంకోటి, రిసెప్షన్ గోడ మీద వాళ్ల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, ప్రైవేటు ఆసుపత్రుల మీద వచ్చిన 2002 చట్టం కింద జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు ఇచ్చేది. దాని తేదీ చూడు. నీకు ఎఫ్‌సీ ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిది, పొల్యూషన్ బోర్డు అనుమతీ ఫైర్ వాళ్ల కాగితమూ కూడా అంతే. వాళ్ల కాగితం ఆగితే ముందు ఆగేది నీ బిల్లు. నాకు ఒక చోట ఐదు నెలల బిల్లు అలా నిలబడిపోయింది. డాక్టరుగారు మంచాయనే. వాళ్ల ఆసుపత్రికి తాళం పడ్డాక మంచితనంతో కిస్తీ కట్టలేం కదా.

ఆక్సిజన్ సిలిండరు మెడ మీద పరీక్ష చేసిన తేదీ కొట్టి ఉంటుంది. ఐదేళ్లు దాటితే తీసుకోకు. అమ్మేవాడు సిలిండరు ఫ్రీ అన్నాడంటే ముందు ఆ తేదీ చూడు.

మరి కొనాలా మానాలా అంటే, ఈ బండి వద్దు. బండి పని వద్దనడం లేదు. నీకు ఓపిక ఉంది, రాత్రి పూట ఫోనెత్తే అలవాటుంది, చిన్నప్పట్నుంచీ రోగుల్ని చూసి జడవలేదు. మీ అమ్మ భయం నాకు తెలుసు, రాత్రిళ్లు హైవే మీద ఉంటావని. ఆ భయం నేను తీర్చలేను, మీ అత్తకు ఇరవై నాలుగేళ్లూ తీర్చలేకపోయాను.

వచ్చే ఆదివారం రా. వచ్చేటప్పుడు సీ బుక్ జిరాక్సు రెండు వైపులా, పాలసీ జిరాక్సు, ఎఫ్‌సీ జిరాక్సు తీసుకురా. అమ్మేవాడు ఇవ్వనంటే ఇంకేం అడక్కుండా వచ్చెయ్యి. ఇస్తే మాత్రం ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ అచ్చు కూడా పట్టుకురా, సీ బుక్‌లో నంబరుతో ఇక్కడ కూర్చుని సరిచూద్దాం. తొమ్మిదిలోపు వస్తే అరసవల్లి దర్శనం చేసుకుని వద్దాం. మీ అత్త పనసపొట్టు కూర చేస్తానంది. మీ అమ్మకు మోకాళ్ల మాత్రలు ఇక్కడ తీసుకున్నాను, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లు, మర్చిపోతావని ఇప్పుడే రాస్తున్నాను.

మీ మావయ్య